మగవాళ్ళ ఫ్లేర్ జీన్స్: మోకాలి దగ్గర కుదరాలి

నేను మొదటిసారి కొన్న ఫ్లేర్ జీన్స్‌ను మూడంగుళాలు కత్తిరించి పాడుచేశాను. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. నడుము సరిపోయింది, తొడలు సరిపోయాయి, కాళ్ళు మాత్రం నేల మీద ఈడుస్తున్నాయి. టైలర్ దగ్గరికి తీసుకెళ్తే "ఎంత తగ్గించమంటారండీ?" అన్నారు. మూడంగుళాలు అన్నాను. చెప్పినట్టే చేసిచ్చారు. ఇంటికొచ్చి తొడుక్కుంటే, కింద విచ్చుకోవాల్సిన ప్యాంటు కాస్తా మామూలు వదులు ప్యాంటులా ఉంది. టైలర్ పనిలో లోపమేమీ లేదు. ఫ్లేర్ అంటే కింది అంచులో ఉండే వెడల్పు అనుకున్నాను, పొరపాటు అక్కడే జరిగింది. ఫ్లేర్ మోకాలి దగ్గర మొదలవుతుంది. ప్యాంటు మోకాలు, మన మోకాలు ఒకచోట లేకపోతే కింద ఎంత వెడల్పున్నా లాభం లేదు.

మా నాన్నగారి తరానికి ఈ ఇబ్బంది లేదు. 1970ల్లో ఎన్టీఆర్, కృష్ణ, శోభన్‌బాబు, మన గోదావరి డెల్టాలోని మొగల్తూరు నుంచి వెళ్ళిన కృష్ణంరాజు తెరమీద బెల్‌బాటమ్‌లు వేస్తే, ఇక్కడి కుర్రాళ్ళు గుడ్డ కొని కుట్టించుకునేవారు. టైలర్ మనిషిని నిలబెట్టి, అతని మోకాలు ఎక్కడుందో టేపుతో చూసి కత్తిరించేవాడు. ఇప్పుడు ప్యాంటు ఎవరో ఊహించిన మనిషి కొలతలతో ముందే తయారై వస్తోంది. కాబట్టి టైలర్ అప్పట్లో చేసిన పని కొంత మనమే నేర్చుకోవాలి.

మొదటి మెట్టు: పేర్ల కంటే అంకెలు చూడండి

షాపుల్లో బూట్‌కట్, ఫ్లేర్, బెల్‌బాటమ్ అనే మూడు మాటలు వినిపిస్తాయి. మూడూ మోకాలి కింద విచ్చుకునేవే. బాటమ్ చుట్టుకొలత సుమారు 17 నుంచి 19 అంగుళాలుంటే బూట్‌కట్, 20 నుంచి 22 ఉంటే ఫ్లేర్, 24 దాటితే బెల్‌బాటమ్ అనుకోండి. కంపెనీని బట్టి అంగుళం అటూఇటూ అవుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఆన్‌లైన్ సైజు చార్టులో బాటమ్ 10.5 అని ఉంటే, ప్యాంటును పరిచి అడ్డంగా కొలిచారని అర్థం. మన టైలర్ "బాటమ్ లూజు ఎంతండీ?" అన్నప్పుడు చుట్టుకొలత అడుగుతున్నాడు. ఆ 10.5 ఇక్కడ 21 అవుతుంది.

బాటమ్ ఒక్కటే చూసినా సరిపోదు, మోకాలి లూజుతో పోల్చాలి. మోకాలు 20, బాటమ్ 22 అయితే అది పొడుగునా వదులుగా ఉండే ప్యాంటే. మోకాలు 17, బాటమ్ 21 అయితే ఆ నాలుగంగుళాల తేడా కంటికి ఆనుతుంది. మొదటిసారి వేసుకునేవాళ్ళకు నేను చెప్పేది ఈ నాలుగంగుళాల తేడానే. ఆరు దాటితే పెళ్ళికో ఫొటోలకో బాగుంటుంది గానీ రోజూ బస్సెక్కి దిగేవాళ్ళకు కష్టం.

గరిష్ఠంగా ఎంత బాటమ్ పెట్టుకోవచ్చో తెలుసుకోవడానికి నేను పాటించే లెక్క ఒకటుంది. కాగితం మీద నిలబడి పాదం పొడవు గీసి కొలవండి. దాన్ని రెట్టింపు చేస్తే వచ్చే అంకెను బాటమ్ దాటకూడదు. పాదం పదిన్నర అంగుళాలైతే బాటమ్ 21 వరకు. అంతకు మించితే బట్ట పాదాన్ని పూర్తిగా మింగేస్తుంది, మనిషి కాళ్ళు లేనట్టు కనిపిస్తాడు.

రెండో మెట్టు: మీ మోకాలు ఎక్కడుంది?

ఈ పనికి పావుగంట పడుతుంది. దీన్ని మాత్రం దాటేయకండి.

మీకు బాగా కుదిరిన పాత ప్యాంటు ఒకటి తొడుక్కుని అద్దం ముందు నిలబడండి. రెండు కాళ్ళ కుట్లు కలిసే చోటు నుంచి లోపలి కుట్టు వెంబడి మోకాలి చిప్ప మధ్యకు ఎన్ని అంగుళాలో ఇంకొకరి చేత కొలిపించండి. వంగి మీరే కొలుచుకుంటే అంకె తప్పు వస్తుంది. తర్వాత అదే కుట్టు వెంబడి నేల వరకు. ఈ రెండూ రాసిపెట్టుకోండి. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి సాధారణంగా మొదటిది పన్నెండున్నర, పదమూడు వస్తుంది.

ఇప్పుడు కొనబోయే జీన్స్‌ను బల్లమీద పరచండి. తొడ నుంచి కిందికి చూస్తూ వస్తే ఒకచోట బాగా సన్నబడి, అక్కడి నుంచి మళ్ళీ విచ్చుకుంటుంది. ఆ సన్నటి చోటే ప్యాంటు మోకాలు. కాళ్ళు కలిసే కుట్టు నుంచి అక్కడికి కొలవండి. ఆ అంకె మీ అంకెకు సమానంగా గానీ, ఒక అంగుళం తక్కువగా గానీ ఉండాలి. అంగుళం తక్కువుంటే ఇంకా మంచిది, ఎందుకంటే విచ్చుకోవడం కాస్త పైనుంచి మొదలైతే కాలు పొడుగ్గా కనిపిస్తుంది. ఎక్కువుంటే ఆ సన్నటి చోటు మీ పిక్క మీదికి దిగుతుంది. పిక్కను పట్టేసి దాని కింద విచ్చుకున్న ప్యాంటు ఎంత ఖరీదైనదైనా అందంగా ఉండదు.

లోపలి పొడవు 33 ఉన్న జీన్స్ పొడుగాటి మనిషి కోసం కత్తిరించింది. దాని మోకాలు పద్నాలుగు, పద్నాలుగున్నర అంగుళాల దగ్గర ఉంటుంది. పొట్టివాళ్ళు దాన్ని కొని కింద కోసుకుంటే అంచు పైకొస్తుంది గానీ మోకాలు పైకి రాదు. నా జీన్స్‌కు జరిగింది ఇదే.

కొలిచే వీలు లేని చోట ఒక గుర్తు ఉంది. కొన్ని జీన్స్‌కు కంపెనీలు మోకాలి దగ్గర రంగు వెలిసినట్టు తెల్లచారలు వేస్తాయి. తొడుక్కున్నప్పుడు ఆ చారలు మీ మోకాలి మీద పడ్డాయా, కిందికి జారాయా చూడండి. జారితే ఆ ప్యాంటు మీ కాలికి పొడుగు.

నడుము విషయం క్లుప్తంగా చెబుతాను. లేబుల్ మీది 32ను నమ్మకండి, టేపుతో కొలిస్తే చాలాసార్లు 33, 34 వస్తుంది. ముందువైపు కుట్టు కలిసే చోటు నుంచి నడుము పట్టీ పై అంచు దాకా పదకొండు అంగుళాల దరిదాపుల్లో ఉన్నది ఎంచుకోండి. ఫ్లేర్ ప్యాంటు నడుము మీదే నిలవాలి. తుంటి మీదికి జారే ప్యాంటు కాలిని పొట్టిగా చూపిస్తుంది, విచ్చుకున్న అంచు ఆ పొట్టితనాన్ని ఇంకా పెంచుతుంది.

మూడో మెట్టు: మన గాలికి తగిన డెనిమ్

డెనిమ్ బరువును ఔన్సుల్లో చెబుతారు. ఒక చదరపు గజం గుడ్డ ఎన్ని ఔన్సులు తూగుతుందో ఆ అంకె. ఔన్సంటే 28 గ్రాముల పైచిలుకు. పద్నాలుగు ఔన్సుల గుడ్డ చలి దేశాలకు బాగుంటుంది. చుట్టూ కాలవలు, చెరువులు, వరిచేలు ఉండి ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోసే మన డెల్టాలో అది మధ్యాహ్నానికే తొడలకు అంటుకుపోతుంది. అలాగని ఏడెనిమిది ఔన్సుల పల్చటి గుడ్డ తీసుకుంటే ఫ్లేర్ నిలబడదు. నడుస్తుంటే గాలికి పిక్కకు చుట్టుకుంటుంది. పది నుంచి పదకొండున్నర మధ్య ఉన్నది రెండు వైపులా సరిపోతుంది. లేబుల్ మీద బరువు రాయకపోతే అంచు పట్టుకుని అడ్డంగా చాపండి. వెంటనే వాలిపోతే మరీ పల్చన. అట్టముక్కలా నిలబడితే మరీ మందం. మెల్లగా వంగేది మీది.

సాగే గుణం కొంచెం ఉండాలి. కాటన్ 98, ఎలాస్టేన్ 2 శాతం అని ఉంటే చాలు. అంతకంటే సాగేవి మోకాలి దగ్గర ఉబ్బి పోతాయి, ఆ ఉబ్బు ఫ్లేర్ గీతను చెడగొడుతుంది. పాలిస్టర్ ఎక్కువ కలిసినవి చెమట పీల్చవు కాబట్టి వద్దు.

రంగుల్లో మొదటిది ముదురు నీలం. నడుము నుంచి అంచు దాకా ఒకటే రంగుగా ఉంటే ఫ్లేర్ గీత శుభ్రంగా కనిపిస్తుంది. చిరుగులు, అతుకులు ఉన్న ఫ్లేర్ నాకు నచ్చదు. ఆకారమే కంటిని లాగుతున్నప్పుడు మళ్ళీ చిరుగులెందుకు?

నాలుగో మెట్టు: కొనాలా, కుట్టించాలా?

నడుము 30 నుంచి 34, ఎత్తు అయిదడుగుల ఎనిమిది పైన ఉంటే రెడీమేడ్‌లో దొరుకుతుంది. పొట్టివాళ్ళు, బొద్దుగా ఉన్నవాళ్ళు, తొడలు లావుగా ఉన్నవాళ్ళు కుట్టించుకోవడమే మేలు. గుడ్డ కోసం దూరం పోనక్కర్లేదు. రాజమహేంద్రవరం తాడితోటలోని మహాత్మా గాంధీ హోల్‌సేల్ క్లాత్ కాంప్లెక్స్, ద్వారపూడి బట్టల షాపులు మనకు దగ్గరే. 58 అంగుళాల పన్నా డెనిమ్ అయితే మీటరున్నర తీసుకోండి. కింద వెడల్పుకు, కుంచించుకుపోవడానికి ఆ కాస్త ఎక్కువ అవసరం.

టైలర్ దగ్గరికి ఇచ్చేముందు గుడ్డను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి నీడన ఆరేయండి. గుడ్డ కుంచించుకోవడం ఏదో కుట్టకముందే అయిపోవాలి.

టైలర్‌ను ఎలా ఎంచుకోవాలంటే, వయసు చూసి అంటాను. 1990ల్లో అర్వింద్ మిల్స్ ‘రఫ్ అండ్ టఫ్’ పేరుతో కుట్టని జీన్స్‌ను కిట్‌గా అమ్మింది. గుడ్డ, జిప్పు, రివెట్లు అందులోనే ఉండేవి, ఊళ్ళో టైలర్ కుట్టిచ్చేవాడు. ఆ రోజుల్లో మిషన్ ముందు కూర్చున్నవాళ్ళకు డెనిమ్ మీద చేయి తిరిగి ఉంటుంది. ఇంకా పెద్దవాళ్ళయితే బెల్‌బాటమ్‌లే కుట్టి ఉంటారు. మా వైపు ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళి ఫ్లేర్ కావాలంటే, ఆయన అడిగిన మొదటి మాట "మోకాలెక్కడ పెట్టమంటారండీ?" ఆ మాట విన్నాక ఇంకెక్కడికీ వెళ్ళలేదు.

కొలతలిచ్చేటప్పుడు నడుము, సీటు, తొడ, మోకాలు, బాటమ్, పొడవులతో పాటు, నడుము నుంచి మోకాలికి దూరం కూడా రాయించండి. మోకాలి లూజు మరీ బిగించవద్దు. నిలబడి ఉన్నప్పుడు మోకాలి చుట్టుకొలత ఎంతో దానికి రెండు, రెండున్నర అంగుళాలు కలిపితే కూర్చున్నప్పుడు పట్టేయదు. మందమైన కుట్లకు 16 గానీ 18 గానీ నంబరు సూది వాడతారా అని అడిగినా తప్పేమీ లేదు. సన్నసూది కుట్లు కలిసే చోట విరుగుతుంది, లేదా కుట్టు వదిలేస్తుంది.

అయిదో మెట్టు: తొడుక్కుని చూడటం

ట్రయల్ రూమ్‌లో నిలబడి చూసుకుంటే సగమే తెలుస్తుంది. గొంతుకూర్చోండి. భోజనానికి నేలమీద కూర్చున్నట్టు బాసింపట్టు వేయండి. ఒక కాలు ఎత్తి బండి ఎక్కినట్టు తిప్పండి. తొడ దగ్గర పట్టేసినా, వెనక నడుము జారినా అది వద్దు. నిలబడినప్పుడు పక్క నుంచి ఫొటో తీయించుకోండి. పిరుదుల నుంచి మోకాలి వెనక్కి గీత నేరుగా దిగి, అక్కడి నుంచి మెల్లగా బయటికి రావాలి. మోకాలి వెనక బట్ట కుచ్చులు పడితే పొడవు గానీ లూజు గానీ తప్పింది.

ఆరో మెట్టు: అంచు

ముందు రెండుసార్లు ఉతకండి. ఆ తర్వాతే అంచు. ఉతకకుండా అంచు వేయించుకుంటే, తర్వాత గుడ్డ కుంచించుకుని అంచు పైకి పోతుంది.

వేసుకోబోయే చెప్పులు గానీ షూ గానీ తొడుక్కుని టైలర్ ముందు నిలబడాలి. ఒట్టి కాళ్ళతో కొలిపించుకోకండి. మడమ దగ్గర అంచు నేలకు అరంగుళం ఎత్తులో ఉండాలి. ముందువైపు షూ మీద వాలి చిన్న మడత పడాలి. పాత పద్ధతిలో వెనక అంచును ముందు కంటే అరంగుళం కిందికి వాలుగా కుట్టేవారు. ఇప్పటికీ అది అడిగి చేయించుకోండి, షూ ముందు భాగం కనిపిస్తూ మడమ కప్పబడుతుంది.

ఎంత కత్తిరిస్తే ఎంత పోతుందో లెక్క కట్టుకోవచ్చు. మోకాలు 17, బాటమ్ 22, వాటి మధ్య దూరం 18 అంగుళాలు అనుకోండి. అంగుళం కోస్తే పావు అంగుళం పైన వెడల్పు పోతుంది. మూడంగుళాలు కోస్తే ముప్పావు దాటి పోతుంది. అంగుళం, అంగుళంన్నర వరకు పర్వాలేదు. అంతకు మించి కోయాల్సి వస్తే టైలర్‌తో మోకాలు కూడా పైకి ఎక్కించాలి. అంటే కుట్లు విప్పి, మీ మోకాలి దగ్గర ప్యాంటును కొత్తగా సన్నం చేసి, అక్కడి నుంచి మళ్ళీ విచ్చుకునేలా కుట్టడం. ఒక్క పక్క కుట్టు మీదే చేస్తే సులువని కొందరంటారు. అరంగుళం లోపయితే సరే. ఎక్కువైతే రెండు పక్కలా సమానంగా తీయకపోతే కాలు మెలి తిరుగుతుంది.

కంపెనీ అంచును కోసి మళ్ళీ అతికించే పద్ధతి మామూలు జీన్స్‌కు బాగుంటుంది. ఫ్లేర్‌కు కుదరదు. కోసిన చోటు కంటే పాత అంచు వెడల్పు ఎక్కువ కాబట్టి కుచ్చులు పడుతుంది. కొత్తగా మడిచి కుట్టించండి.

డబ్బు పెట్టే ముందు ఫ్లేర్ తమకు నప్పుతుందో లేదో చూసుకోవాలనుకునేవాళ్ళకు ఇంకో దారి. పాత నిలువు కాళ్ళ జీన్స్‌లో బయటి కుట్టును మోకాలి నుంచి కిందికి విప్పి, అదే మందం డెనిమ్‌తో త్రికోణం ముక్క వేయించండి. కింద మూడు, నాలుగంగుళాల వెడల్పు చాలు. 1960లు, 70ల్లో అమెరికా కుర్రాళ్ళు కూడా తమ జీన్స్‌కు ఇలా ముక్కలు వేసుకునేవారు.

కాలికి ఏం వేసుకోవాలి?

మన దగ్గర ఫ్లేర్ ఓడిపోయేది చెప్పుల దగ్గరే. పల్చటి హవాయి చెప్పులతో ఫ్లేర్ వేస్తే అంచు మడమ కింద పడి నలుగుతుంది. మడమ కనీసం అంగుళం ఎత్తున్నది కావాలి. చీలమండ దాకా వచ్చే తోలు బూట్లు ఫ్లేర్‌కు అందరూ చెప్పే జోడీ. సాయంకాలం రిసెప్షన్‌కు, డిసెంబరు, జనవరి నెలల్లో వాటిని వేయవచ్చు. ఏప్రిల్‌లో భీమవరంలో వాటితో తిరగమని ఎవరికీ చెప్పలేను. ఎండాకాలానికి మందం అట్ట ఉన్న తోలు చెప్పులు, కొల్హాపురీలు మేలు. ముందు కొస కాస్త సన్నగా ఉన్నవి చూడండి. స్నీకర్లయితే అట్ట మందంగా, పై భాగం సన్నగా ఉన్నవి. లావుపాటి రన్నింగ్ షూలు ఫ్లేర్ కింద గడ్డల్లా కనిపిస్తాయి.

ఒక జత పాదరక్షలకు ఒక ప్యాంటు అని ముందే నిర్ణయించుకోండి. ఒకే ఫ్లేర్ బూటుకూ చెప్పుకూ సరిపోదు.

పైన ఏం వేసుకోవాలి?

కింద వెడల్పు ఉంది కాబట్టి పైన ఒంటికి కుదిరినది కావాలి. చొక్కా లోపలికి దోపి, నడుము గీత కనిపించేలా వేయడం అన్నిటికంటే సులువైన పద్ధతి. ఇన్‌షర్ట్ ఇష్టం లేకపోతే చొక్కా అంచు ప్యాంటు జిప్పు మధ్య భాగం దాటి కిందికి రాకూడదు. పొడుగు కుర్తా వేస్తే తొడ గీత పోయి, కింద అంచు ఒక్కటే విడిగా కనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది చేనేత కాటన్ చొక్కా. అమలాపురం పక్కనే బండారులంక ఉంది, మగ్గాల ఊరు. మన చుట్టుపక్కల నేసిన లేతరంగు నూలు గుడ్డతో పొట్టి చేతుల చొక్కా కుట్టించి ముదురు నీలం ఫ్లేర్ మీద వేసి చూడండి. గాలి ఆడుతుంది, చెమట పీలుస్తుంది, డెనిమ్ బరువుకు ఆ నూలు తేలికదనం చక్కగా నప్పుతుంది. కాలరు కాస్త పెద్దది పెట్టిస్తే కింద వెడల్పుకు జవాబుగా ఉంటుంది, కానీ 1970ల కాలరంత వద్దు. ప్యాంటు, కాలరు, కళ్ళద్దాలు అన్నీ ఆ కాలానివే అయితే నాటకానికి తయారైనట్టుంటుంది. పాత కాలం నుంచి ఒక్కటి తీసుకుంటే చాలు, అది ప్యాంటే.

పొట్టివాళ్ళు ప్యాంటు, చొక్కా దగ్గర దగ్గర రంగుల్లో వేసుకుంటే మంచిది. పొట్ట ఉన్నవాళ్ళు తొడ బిగువు తగ్గించి, బాటమ్ 19, 20 దగ్గర ఆపితే హుందాగా ఉంటుంది. బక్కపలచని వాళ్ళకు 22 వేస్తే లోపల కాలు లేనట్టుంటుంది, వాళ్ళకూ 20 చాలు. బెల్టు అంగుళంన్నర వెడల్పు తోలుది, పెద్ద బకిల్ లేకుండా.

గుడికి, సంక్రాంతి నాడు ఇంట్లో పూజకు, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి నేను పంచే కడతాను. అక్కడ చేలలోంచి నడవాలి. ఫ్లేర్‌కు చోటు సాయంకాలపు రిసెప్షన్లు, కాలేజీ, సినిమా, స్నేహితుల ఇళ్ళు.

నీళ్ళు, బురద, బండి

ఈ ఆకారం నావికులది. 19వ శతాబ్దం నుంచి ఓడల మీద పనిచేసేవాళ్ళు వెడల్పు కాళ్ళ ప్యాంట్లు వేశారు. డెక్ కడిగేటప్పుడు మోకాలి పైకి సులువుగా మడవచ్చని అంటారు. ఆ సంగతి నాకు సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కేటప్పుడు గుర్తొస్తుంది. రేవు అంచున నీళ్ళు, పలక మీద బురద. ముందే రెండు మడతలు పైకి మడిచి ఎక్కి, నరసాపురం వైపు దిగాక విప్పుకుంటే చాలు. మడవకపోతే తడిసిన అంచు నుంచి నీరు దారాల వెంట పిక్క దాకా పాకుతుంది. వానాకాలానికి వేరే జత ఉంటే దాని అంచు నేలకు అంగుళం ఎత్తులో పెట్టించండి. పుంత రోడ్లలో నడిచేవాళ్ళకు ఆ రెండో అరంగుళం చాలా కాపాడుతుంది.

బండి దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. సైకిలైతే కుడికాలి అంచు చెయిన్‌లో పడుతుంది. బైకు మీద కిక్ రాడ్‌కు, ఫుట్‌రెస్ట్‌కు తగులుకుని, ఆగేటప్పుడు కాలు కింద పెట్టలేక పడిపోయే ప్రమాదం ఉంది. వెడల్పాటి రబ్బరు బ్యాండు ఒకటి జేబులో ఉంచుకుని, బండెక్కే ముందు చీలమండ దగ్గర వేసుకోండి. ఇది అందంతో పని లేని విషయం, తప్పనిసరిగా చేయాలి.

ఉతకడం, దాచడం

తిరగేసి, చల్లటి నీళ్ళలో, మొదటి రెండు మూడుసార్లు విడిగా ఉతకండి. నీలిరంగు దిగి తెల్లచొక్కాలకు అంటుతుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉండి సబ్బు నురగ రాదు, సబ్బు చారికలు బట్టలో ఉండిపోతాయి. అలాంటి చోట చివరి జాడింపు కుళాయి నీళ్ళతో చేయండి. బురద అంటితే తడిగా ఉన్నప్పుడు రుద్దకండి. ఎండనిచ్చి దులిపితే సగం పైన రాలిపోతుంది.

నడుము దగ్గర క్లిప్పులు పెట్టి తలకిందులు కాకుండా వేలాడదీస్తే బరువుకు ఫ్లేర్ తిన్నగా దిగి ఆరుతుంది. దండెం మీద మోకాలి దగ్గర మడిచి ఆరేస్తే అక్కడే గీత పడుతుంది. ముసురు రోజుల్లో ఫ్యాను కింద ఆరబెట్టి, కుట్లు పూర్తిగా ఆరాకే బీరువాలో పెట్టాలి. నడుము పట్టీ, జేబుల గుడ్డ చివరగా ఆరతాయి, ముక్కిన వాసన అక్కడే మొదలవుతుంది. ఇస్త్రీ లోపలివైపు నుంచి, మోకాలి కింద మాత్రమే. ముందు గీత వేయకండి.

ఎంత జాగ్రత్తపడ్డా మడమ దగ్గర అంచు అరుగుతుంది. మా బాబాయి తన బెల్‌బాటమ్‌ల అంచు లోపల ఇత్తడి జిప్పులో ఒక సగం కుట్టించేవారు. పళ్ళు నేలకు రాసుకుంటూ గుడ్డను కాపాడేవి. నేను అదే చోట, మడమ వెనక నాలుగంగుళాల మేర, మందపాటి కాటన్ నాడా లోపలివైపు కుట్టిస్తాను, అంచు గుడ్డకు ఒక నూలుపోగంత కిందికి ఉండేలా. అరిగితే అదే అరుగుతుంది, ఏడాదికోసారి అది విప్పి కొత్తది వేయిస్తే చాలు.